కాటను దొరయు, కాలువ కాపరులును

గౌతమి యొక ప్రక్కన, వసిష్ఠ యొక ప్రక్కన, దక్షిణమున సముద్రము. ఈ మూటి నడుమ ముక్కోణపు ఆకారమున నున్న సీమకు కోనసీమ యని పేరు. దీని నడుమనుండి వైనతేయ మరియొక పాయగా చీలి ఓడలరేవు కడ కడలిలో గలియుచున్నది. గోదావరి పాయలను సప్తఋషులు తమతమ తపోబలమున గొనివచ్చిరని స్థలపురాణములు చెప్పును. ఈ తీరమున స్నానసంకల్పవేళ స్మరించుటకై ప్రచారమున నున్న సంస్కృత శ్లోక మొకటి మరియొకనిని గూడ భగీరథునిగా కీర్తించుచున్నది. అతడు ఇంగ్లండు దేశమున బుట్టి, ఈస్టిండియా కంపెనీ కొలువున ఈ దేశమునకు వచ్చిన సైనిక ఇంజనీరు, సర్ ఆర్థర్ థామస్ కాటను. మరణించి నూరేండ్లు దాటిన పరదేశీయుని ఇంతగా తలచుకొను సీమలు మన దేశమున అరుదు. ఆయన విడిచిపోయిన ఆస్తి యేమి, దానికి నేటి కాపరులెవ్వరు అను ప్రశ్నలకు సమాధానము ఆయన జీవితకథలోనే దొరకును.

కోనసీమను మొదటిసారి చూచినవారు కొబ్బరితోటల నీడను, వరిచేల పచ్చదనమును, ఇంటిముందరి కాలువను చూచి యివన్నియు ప్రకృతి యిచ్చిన వరములని తలంతురు. అందు సగమే నిజము. ఒండ్రునేలను గోదావరియే యిచ్చినది. ఆ నేలకు సకాలమున నీటిని మాత్రము తానై యివ్వలేదు. వరదనీరు గట్టు పొర్లినప్పుడు బరువైన ఒండ్రు మొదట ఏటిప్రక్కనే దిగును. దూరమేగిన కొలది తేలికయైన మట్టి పలుచగా పరచుకొనును. అందుచేత ఏటిగట్టు ఎత్తుగను, లోపలి భూమి పల్లముగను ఏర్పడును. వరద వచ్చినప్పుడు లోపలి చేలు మునుగును. వరద తీసిన పిమ్మట ఏటినీరు చేలకంటె ఎంతయో దిగువన సముద్రమునకు సాగిపోవును. కన్నులయెదుట నీరు పారుచుండగా పైరు ఎండిపోవుట ఈ సీమవారు తరతరములుగా చూచిన విషాదము.

19వ శతాబ్దపు తొలినాళ్ళలో ఈ విషాదము పరాకాష్ఠ నందినది. నందన నామ సంవత్సరమున, అనగా 1832–33లో, వచ్చిన కరవు తెలుగుదేశమున పల్లెలకు పల్లెలను తుడిచివేసినది. దానిని నందన కరవనియు, డొక్కల కరవనియు జనులు చెప్పుకొనిరి. 1839 నవంబరులో ఉప్పెన కోరంగి రేవును ముంచెత్తినది. నాటి రాజమహేంద్రవరము జిల్లాలో 1821 నాటికి 7 లక్షలు దాటియున్న జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 60 వేల ప్రాంతమునకు దిగజారినది. పన్ను రాబడి పడిపోయినది. కంపెనీ ప్రభుత్వమునకు నిద్రాభంగము కలిగించినది జనుల చావుకంటె ఈ రాబడి క్షీణతయే యన్నచో అది నిష్ఠురమే గాని అసత్యము కాదు. జిల్లా దుఃస్థితికి కారణము విచారించుటకై హెన్రీ మాంట్‌గొమరీ అను అధికారిని నియమించిరి. నీటివసతి లేనిదే ఈ సీమ కోలుకొనజాలదని 1844 నాటికి తేలిపోయినది. ఆ సంవత్సరముననే కాటను గోదావరిపై తన మొదటి నివేదికను సమర్పించెను. అప్పటికి ఆయనకు 41 ఏండ్లు. అంతవరకు గడచిన జీవితమంతయు ఆ నివేదికకు పీఠికవంటిదే.

కాటను 1803వ సంవత్సరము మే 15వ తేదీన జన్మించెను. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటను. పదునొకండుగురు అన్నదమ్ములున్న పెద్ద కుటుంబము. కులీన వంశమే గాని, ఇంతమంది కుమారులలో నొకనికి వంశపు సంపద మీద ఆశపెట్టుకొనుటకు వీలులేదు. పదునైదవ యేట ఆడిస్కోంబులోని కంపెనీ సైనిక విద్యాలయమున జేరి, అచ్చట శిక్షణ ముగించి 1819లో ఇంజనీరుగా నియమితుడయ్యెను. కొంతకాలము వేల్సు కొండలలో భూమిని కొలుచు పనిలో నుండెను. 1821లో మద్రాసు చేరెను. దక్షిణ జిల్లాల చెరువుల శాఖలో చిన్న యుద్యోగము, పాంబను జలసంధిని కొలుచుట, మొదటి బర్మా యుద్ధమున సైనికసేవ, ఇట్లు కొన్నియేండ్లు గడచినవి. వేల్సు కొండలలోను పాంబను తీరమునను ఆయనకు అబ్బినది కొలతవిద్య. భూమి ఎచ్చట ఎన్ని అడుగులు వాలినదో కొలిచి తెలిసికొనక మునుపు నీటిని గూర్చి మాటలాడరాదను నియమము జీవితాంతము వరకు ఆయనను విడువలేదు.

ఆయనకు నిజమైన గురుకులము కావేరీతీరము. శ్రీరంగమునకు ఎగువన కావేరి రెండు పాయలై, ఉత్తరపు పాయ కొళ్ళడమను పేర పారుచున్నది. కొళ్ళడపు అడుగు పల్లము గనుక కావేరికి చేరవలసిన నీరు ఏటేట అటు జారిపోవుచుండెను. తంజావూరు సీమ ఎండిపోవు ప్రమాదము దాపురించినది. అచ్చటనే, దిగువన, కరికాల చోళుడు కట్టించెనని ప్రసిద్ధిగాంచిన కల్లణై యున్నది. ఇసుకలో గట్టి పునాది దొరకదు గనుక అట్టి నదికి అడ్డముగా పెద్ద కట్టడమును నిలుపుట కష్టసాధ్యమని ఐరోపా ఇంజనీర్లు భావించుచుండిన కాలమది. కల్లణై మాత్రము ఇసుకమీదనే శతాబ్దములుగా నిలిచియున్నది. కాటను దాని చుట్టును తిరిగి, పరీక్షించి, రహస్యమును గ్రహించెను. పెద్ద రాళ్ళను ఇసుకలో పడవేసినచో నీటి కోతకు అవి కొంత దిగబడును. పైన మరల రాళ్ళు వేయవలెను. కొన్నియేండ్లకు ఇక దిగబడని స్థితి యేర్పడును. అటుపై కట్టినది కదలదు. పాతాళమువరకు త్రవ్వి రాయిని వెదకనక్కరలేదు, ఇసుకయే పునాదియగును. ఈ విద్యను తాను ఈ దేశపు ప్రాచీన శిల్పులకడనే నేర్చితినని కాటను దాచలేదు. తరువాతికాలమున బహిరంగముగనే అంగీకరించెను. మన విద్యార్థులు గుర్తింపదగిన విషయమిది. గోదావరి ఆనకట్టకు తాత యొకడు కావేరిమీద ఉన్నాడు.

ఆ పాఠమును పెట్టుబడిగా జేసికొని, 1836లో ముక్కొంబు కడ ఎగువ ఆనకట్టను, 70 మైళ్ళ దిగువన మరియొక ఆనకట్టను కొళ్ళడమునకు అడ్డముగా నిర్మింపజేసెను. తంజావూరు మరల ధాన్యాగారమయ్యెను. ఆ శ్రమకు ఆయన ఆరోగ్యము చెడినది. అంతకుముందే ఒకమారు జబ్బుతో స్వదేశమునకు పోయి వచ్చియుండెను. ఈమారు సెలవుపై ఆస్ట్రేలియాకు దక్షిణమున నున్న టాస్మేనియా ద్వీపమునకు వెళ్ళి, 1841లో అచ్చటనే ఎలిజబెత్ లియర్మంతును వివాహమాడెను. తిరిగివచ్చిన పిమ్మట విశాఖపట్టణమున సముద్రపుకోతను అరికట్టు పనులలో నుండగా, ఆయన దృష్టి గోదావరిపై నిలిచెను. తంజావూరుకంటె గొప్ప నది, తంజావూరుకంటె సారవంతమైన నేల, అయినను ఇచ్చట ఆకలిచావులు! ఈ వైరుధ్యము ఆయనను స్థిమితముగా ఉండనీయలేదు.

గుఱ్ఱముపై గట్టువెంట తిరుగుచు, చెట్లక్రింద విశ్రమించుచు, అరటిపండ్లతో ఆకలి దీర్చుకొనుచు ఆ దొర సన్యాసివలె సంచరించెనని గోదావరీతీరమున ఈనాటికిని చెప్పుకొందురు. జనుల నోట పెరిగిన కథలలో కొంత వన్నె యుండుట సహజము. నివేదికలలోని కొలతలు మాత్రము నిజముగా ఆ నేలమీద నడిచినవాని కొలతలు. ధవళేశ్వరము కడ నది నాలుగు పాయలై, మధ్య లంకలతో నాలుగు మైళ్ళ వెడల్పున పరచుకొనియున్నది. వెడల్పు ఎక్కువైనచోట వరద ఎత్తు తక్కువ. ప్రక్కనే కొండ యున్నది గనుక రాతికి కొరత లేదు. డెల్టా తల అచ్చటనే గనుక మూడు దిక్కులకును కాలువలు తీయవచ్చును. స్థలనిర్ణయమున కాటను ప్రతిభ యావత్తు ఈ మూడు సంగతులలో నున్నది. ఏటిగట్టు ఎత్తు, లోపలిభూమి పల్లము అని పైన చెప్పితిమి. ఆనకట్టతో నీటిమట్టమును కొన్ని అడుగులు లేపి, ఆ ఎత్తయిన గట్టుల వెంటనే కాలువలను నడపినచో, అచ్చటనుండి నీరు తనంతట తాను చేలకు దిగును. చేలలో మిగిలిన నీరు నట్టనడుమ పల్లములలోని మురుగుకోడుల ద్వారా సముద్రమునకు పోవును. శరీరమున రక్తము పోవు నాళములు, వచ్చు నాళములు రెండును ఉన్నట్లు, కాలువయు మురుగుకోడును జతగా పనిచేయవలెను. ఈ రెండవ దానిని జనులు మరచిన పిమ్మట ఏమయ్యెనో ముందు తెలియగలదు.

అంచనా వ్యయము దాదాపు 4 లక్షల 75 వేల రూపాయలు. అంత ధనమును ఇసుకలో పోయుట యెట్లని పలువురు సందేహించిరి. 1846 చివర అనుమతి లభించినది. ఆయన అడిగినంతమంది ఇంజనీర్లను మాత్రము ఇవ్వలేదు. 1847లో పని మొదలయ్యెను. ధవళేశ్వరపు కొండను పగులగొట్టి, పట్టాలు పరచి, బండ్లమీద రాళ్ళను నదికి చేర్చిరి. పడవలమీద లంకలకు తరలించిరి. సున్నపుబట్టీలు, ఇటుకబట్టీలు, కమ్మరికొలుములు వెలసినవి. పని ముమ్మరముగా సాగిన దినములలో కూలీలు పదివేలమంది వరకు నుండిరట. కరవునుండి బయటపడి నిలువ నీడలేక తిరుగుచున్నవారికి ఆ రాతిపని కూడు పెట్టినది. ఆ పదివేలమందిలో ఏ యొక్కని పేరును నేడు మనకు దక్కలేదు. దక్కిన కొలది పేర్లలో వీణం వీరన్న పేరు మొదట చెప్పదగినది. ఈ తెలుగు ఉద్యోగి కూలీలను సమీకరించి, వారి భాషలో వారిని నడిపి, కాటనుకు కుడిభుజమై నిలిచెను. ప్రభుత్వము రాయబహదూరు బిరుదమిచ్చినది. ధవళేశ్వరపు లాకుల కడ ఆయన స్మారకఫలకము కలదు. విగ్రహముల కడకు పోవు విద్యార్థులు ఆ ఫలకమునుగూడ చదివి వచ్చుట మంచిది.

పని సాగిన ప్రతి వర్షఋతువును పరీక్షయే. సగము కట్టిన గోడమీదుగా గోదావరి వరద పోవుట యెంత భయంకరమో ఊహింపవచ్చును. వేసవిలో కట్టినది శ్రావణమాసమున నిలుచునా యని ఎదురుచూచుట. నిలువని చోట మరల రాళ్ళు పోయుట. 1848లో కాటను ఆరోగ్యము మరల చెడి, సెలవుపై వెళ్ళవలసివచ్చినది. కెప్టెన్ ఆర్ పనిని వహించి నడిపెను. 1850లో కాటను తిరిగి వచ్చెను. 1852 నాటికి ఆనకట్ట పూర్తియయ్యెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములలో రాతికట్టడమే సుమారు రెండుంబాతిక మైళ్ళు. ఎత్తు 12 అడుగులు. ర్యాలి, మద్దూరు పాయల నడుమ నున్న బొబ్బర్లంకనుండి మధ్యడెల్టా ప్రధానకాలువ బయలుదేరినది. కోనసీమ నుదుటివ్రాత మార్చిన కాలువ యదియే. లొల్ల కడ లాకులవద్ద అది శాఖలుగా చీలి, ఒకటి అమలాపురము దిక్కునకు, ఒకటి గన్నవరము దిక్కునకు సాగినది.

అచ్చట మరియొక చిక్కు ఎదురయ్యెను. వైనతేయకు ఆవలనున్న నాగరపు లంక, అనగా నేటి రాజోలు ప్రాంతము, నాలుగు ప్రక్కల నీరే యుండియు సాగునీరు లేని నేల. గన్నవరమునుండి వైనతేయను దాటించినగాని దానికి కాలువ నీరు అందదు. ఏటినీటిలో కాలువ నీటిని కలిపివేసినచో ఆవలి గట్టున మరల తీసికొనుట సాధ్యము కాదు. అందుచేత ఏటిమీద వంతెన కట్టి, ఆ వంతెనమీద కాలువనే పారించవలెనని నిశ్చయించిరి. జనులు అక్విడక్టు అని పిలుచుచున్న నిర్మాణమిదియే. ఈ భారము హేగు అను యువ లెఫ్టినెంటుపై బడినది. ఆయన 1851–52 పనికాలమున, వరద ముంచుకొనివచ్చు లోపుననే పునాదులు లేవవలెనను తొందరలో, ఆ మారుమూల లంకలో పనివాండ్రను గూర్చుకొని, ఇటుక, సున్నము, కలప సమకూర్చుకొని పని నడిపెను. ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పుగల 49 కమానులు. మొత్తము పొడవు 2,248 అడుగులు. క్రింద ఏరు, పైన కాలువ. ఏటిలో దిగువకు పోవు పడవవాడు తలయెత్తి చూచినచో నెత్తిమీద మరియొక నీటిపాయ అడ్డముగా పారుచుండెడిది. ఆ రోజులలో దేశమున ఇంతటి జలవాహక వంతెనలు మిక్కిలి అరుదు. ఈ హేగే తరువాత గోదావరి ఎగువన దుమ్ముగూడెము ప్రాంతమున నౌకామార్గపు పనులలో పేరు పొందెను.

ఫలితము వెంటనే కనబడినది. రాబడి పెరిగినది. వలసపోయినవారు తిరిగివచ్చిరి, పొరుగుజిల్లాలవారును తరలివచ్చిరి. లాకులు తెరచుచు మూయుచు కొబ్బరికాయల పడవలు, ధాన్యపు పడవలు కాకినాడ రేవు వరకు సాగినవి. పెండ్లివారును కాలువలమీదనే ప్రయాణము చేసిరి. 1876–78 నాటి ఘోరక్షామమున దక్షిణదేశము అలమటించుచుండగా ఈ డెల్టా ధాన్యమును వెలిజిల్లాలకు పంపగలిగినది. కాని పంటతోపాటు భూమివెలయు పెరిగెను. పెరిగిన సంపద పట్టాగలవారి గాదెలకు ఎక్కువగను, నాటినవారి చేతికి తక్కువగను చేరెను. నీరు అందరి చేలకు సమముగా పారినను, చేలు అందరికి సమముగా లేవు. ఇది కాటను చేసిన దోషము కాదు. ఆయన కొలతబద్ద కొలిచిన విషయమును కాదు.

కాటను సూచనననుసరించియే బెజవాడ కడ కృష్ణానదిపై ఆర్ 1855 నాటికి ఆనకట్టను పూర్తిచేసెను. కాటను 1860లో ఇండియా కొలువునుండి విరమించెను. మరుసటి యేడు సర్ బిరుదము లభించెను. విశ్రాంతి ఆయన స్వభావము కాదు. గంగ, మహానది, గోదావరి, కృష్ణ, కావేరులను కాలువలతో కలిపి, సాగునీటిని నౌకామార్గమును ఒక్కటిగా జేయవలెనని పట్టుబట్టెను. రైళ్ళకు కుమ్మరించు ధనములో కొంత కాలువలకు ఖర్చుచేసినచో కరవులుండవని లండనులో వాదించెను. 1878లో పార్లమెంటు సంఘమువారు ఆయన వాదమును సమ్మతింపలేదు. ఆయన లెక్కలన్నియు సరియైనవని చెప్పజాలము. ఒక ప్రైవేటు కంపెనీ చేపట్టిన కర్నూలు–కడప కాలువ ఆర్థికముగా దెబ్బతిని 1882లో ప్రభుత్వము చేతికి వచ్చినది. డెల్టాలో ఫలించిన సూత్రము రాతినేలలో అదే వేగమున ఫలింపదు. ఉత్సాహవంతులందరికివలె ఆయనకును తన ఔషధమే సర్వరోగములకు మందుగా తోచెను. అయినను లక్షలాది జనులు ఆకలితో మరణించుచుండగా ఆ వృద్ధుడు చూపిన ఆవేదన లెక్కల తప్పులకంటె పెద్దది.

చివరి దినములను సర్రేలోని డార్కింగు పట్టణమున గడపెను. అచ్చట తన తోటలో నేలను లోతుగా త్రవ్వి గోధుమ పండించు ప్రయోగములు చేయుచుండెను. 1899 జూలై 24వ తేదీన, 96 ఏండ్లు నిండిన పిమ్మట, మరణించెను. లేడీ హోప్ అని ప్రసిద్ధయైన ఆయన కుమార్తె మరుసటి యేడే తండ్రి జీవితచరిత్రను ప్రకటించెను. తరువాతి రచయితలకు అదియే ముఖ్యాధారమయ్యెను.

ఇక ఆయన ఆస్తి సంగతి. పాత ఆనకట్ట శతాబ్దమునకు పైగా ఏటేట మరమ్మతులతో నిలిచినది. అది శిథిలము కాజొచ్చినందున 1970లో కొత్త బ్యారేజి ప్రారంభమై 1982 నాటికి పూర్తియయ్యెను. 175 తలుపులు గల దానికి కాటను పేరే పెట్టిరి. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు దాటిన మహావరద దానిమీదుగనే పోయినది. హైదరాబాదు టాంకుబండుపై తెలుగు వెలుగుల వరుసలో కాటను విగ్రహము వెలసినది. ధవళేశ్వరమున ఆయన పేర మ్యూజియము కలదు. ప్రతి మే 15న డెల్టా పల్లెలలో విగ్రహములకు పూలదండలు పడును. గన్నవరమున పాత అక్విడక్టుకు వయసు మీరినందున 20వ శతాబ్దము ముగియునాటికి ప్రక్కనే కొత్తది నిర్మించి, దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టిరి. దారినపోవు ఆకలిగొన్నవారికి జీవితకాలమంతయు అన్నము పెట్టి 1909లో గతించిన ఆ గన్నవరపు ఇల్లాలి పేరు నీటివంతెనకు పెట్టుట కోనసీమవారి రసజ్ఞత. ఆమె గాదెలోని వడ్లు పండినదియు ఈ కాలువల సీమలోనే.

దండ వేయుటకు ఒక్క దినము చాలును. కాలువను కాపాడుటకు సంవత్సరమంతయు కావలెను. కాటను కట్టినది రాతిగోడ మాత్రమే యైనచో మ్యూజియము చాలును. ఆయన కట్టినది గోదావరి డెల్టా మూడు భాగములలో సుమారు 10 లక్షల ఎకరములకు, అందు మధ్యడెల్టాలోనే దాదాపు 2 లక్షల ఎకరములకు నీరందించు కాలువల వ్యవస్థ. అది ఏటేట పూడును; ఏటేట త్రవ్వవలెను. పూర్వము దక్షిణదేశమున కుడిమరామత్తు అను ఆచారముండెను. చెరువునీరు వాడుకొనువారే కలసి దాని మరమ్మతు పని చేసెడివారు. ప్రభుత్వపు ఇంజనీరు రంగమున నిలిచిన పిమ్మట ఆ ఆచారము సన్నగిల్లినది. కాలువ ప్రభుత్వముది, నీరు మాత్రము మాది అను భావము పెరిగినది. ముఖ్యముగా మురుగుకోడులను పట్టించుకొన్నవారు తక్కువ. 1960ల దశకముననే డెల్టా మురుగు సమస్యపై మిత్రా సంఘము విచారణ జరిపినది. కోడులలో గుర్రపుడెక్క అల్లుకొనగా, గట్లు ఆక్రమణలకు గురికాగా, సార్వా పైరు మునుగుట సాధారణమయ్యెను. తుదకు 2011లో కోనసీమ రైతులు సార్వా పంటకు విరామము ప్రకటించిరి. గిట్టుబాటు కాని ధర, పెరిగిన కూలి, వదలని మురుగు, ఇవి వారు చెప్పిన కారణములు. నీటికొరకు ఒకప్పుడు వలసపోయిన సీమలో, నీరుండియు నేలను బీడుపెట్టిన ఆ దృశ్యము రాష్ట్రమును కలవరపెట్టినది. విచారణకు ప్రభుత్వము మోహన్ కందా సంఘమును నియమించినది.

అంతకు ముందే, 1997లో, ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒక చట్టమును చేసియుండెను. దానివలన కాలువలక్రింద నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడినవి. అందు చేరుటకు దరఖాస్తు అక్కరలేదు. ఆయకట్టులో భూమియున్న ప్రతివాడును ఆ సంఘమున సభ్యుడే, ఓటుగలవాడే. పిల్లకాలువ కడ ఈ సంఘము, దానిపైన పంపిణీ సంఘము, ఆపైన ప్రాజెక్టు సంఘము అను వరుస ఉద్దేశింపబడినది. పూడిక తీయించుట, తూములు సరిచూచుట, నీటిని వంతులవారీగా పంచుట, చివరిచేనికి నీరందినదా యని చూచుట వీని విధులు. కాటను పేరు ఈ చట్టమున లేదు. కాని కాటను ఆస్తిని కాపాడుటకు పుట్టిన సమాజము ఏదియని విద్యార్థి యడిగినచో ఉపాధ్యాయుడు చూపవలసినది దీనినే. లోపములు లేకపోలేదు. ఎన్నికలు సకాలమున జరుగని యేండ్లున్నవి. నిధులు చాలని యేండ్లున్నవి. దస్తావేజులలో పేరు లేని కౌలుదారు, అనగా కోనసీమలో నోటిమాటపై భూమి చేయుచున్న వేలమందిలో నొకడు, నీరు నిజముగా వాడుకొనువాడై యుండియు ఓటుగల సభ్యుడు కాలేకపోవుచున్నాడు. ధవళేశ్వరపు రాళ్ళు మోసిన పదివేలమంది పేర్లు నాడు దక్కనట్లే, నేడు బోదెగట్టున పారపట్టిన వాని పేరును చిట్టాకెక్కుటలేదు.

వేసవి నడుమ కాలువలు కట్టివేయుదురు. అడుగు బయటపడును. గట్టున నిలిచి చూచినచో ఎచ్చట మేటవేసినదో, ఎచ్చట తూము బీటవారినదో, ఎచ్చట గుర్రపుడెక్క వేళ్ళూనినదో కంటికి కనబడును. సంఘమునకు పని చేయుటకు వీలుగల దినములు ఆ కొలది వారములే. మరల జూను మాసమున బొబ్బర్లంక కడ తలుపులు లేచును. లొల్ల లాకులు దాటి, గన్నవరమున ఏటిమీదుగా రాజోలు చివరిచేని వరకు నీరు బయలుదేరును.